రెండు ఇంజన్ల నడుమ ఇనుప ప్లేటు

మా అన్న ఇక ఉలి ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాక, మా ఇంట్లో అందరూ ఇంజన్ల గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులకూ ఇంజన్లకూ ఏం సంబంధమో నాకు చాలా కాలం తెలియలేదు. తెలిసిందనుకున్న ప్రతిసారీ ఇంకో ముడి పడేది. నేను నంద్యాలలో జాకెట్లు కుట్టుకు బతికే మనిషిని. నాకు తెలిసిన మిషన్ కాలితో తొక్కేది ఒక్కటే. అది తిరుగుతుంటే చాలు, ఎందుకు తిరుగుతోందని నేనెప్పుడూ అడగలేదు.

మా పుట్టిల్లు ఆళ్ళగడ్డ. మా నాయన రాతి విగ్రహాలు చెక్కేవాడు, ఆయన తర్వాత మా అన్న. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చేసరికి అన్న కనుబొమ్మలు తెల్లగా ఉండేవి. చిన్నప్పుడు నేను దాన్ని చూసి "తాతొచ్చినాడు" అని ఎగతాళి చేసేదాన్ని. ఆ దుమ్మే లోపలికి పోయి ఊపిరితిత్తుల్లో కూర్చుందని కర్నూలులో ఎక్స్‌రే చూసిన డాక్టరు చెప్పాడు. పోయింది తిరిగి రాదు, ఉన్నదైనా మిగలాలంటే రాతి పని మానెయ్యాలి అన్నాడు. మాస్కు కట్టుకుని చెక్కుతానన్నాడు మా అన్న. అది కట్టుకోవలసిన కాలం ఎప్పుడో దాటిపోయిందని డాక్టరు మొహం మీదే అనేశాడు.

సరేనని తలూపి వచ్చాడు. పట్టుమని పది రోజులు కాకముందే వదిన నాకు ఫోన్ చేసింది.

"మీయన్న మళ్ళా షెడ్డుకు పోయినాడు. ఏందీ కథ అంటే, పనోళ్ళకు చూపిస్తాండా అంటాడు. చూపిచ్చేవాని చేతిలో ఉలి ఎందుకుంటాదో నువ్వే అడుగు."

అడిగాను. అరిచాను. ఏడ్చాను కూడా. మా అన్న అన్నిటికీ ఊ కొట్టాడు, మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు. అతన్ని తప్పు పట్టడానికి కూడా మనసొప్పేది కాదు. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ చేతులు చేసింది అదొక్క పనే. వాటిని ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చోమంటే ఎలా కూర్చుంటాడు? రాతి దగ్గరికి పోకుండా అతన్ని ఎలా ఆపాలన్నదే మా అందరికీ దిగులైపోయింది.

అప్పుడు మా ఆయన జీపు సంగతి ఎత్తాడు. మా ఆయన డీజిల్ మెకానిక్కు. కోపం ముక్కు మీదే ఉంటుంది. టీలో చక్కెర తగ్గితే గ్లాసు పక్కన పెట్టి లేచిపోయే రకం. నేనూ తక్కువ తినలేదు లెండి. మేమిద్దరం మాట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళు టీవీ సౌండు పెంచుకుంటారు.

జీపు మా అన్నదే. మిలిటరీ వేలంలో వచ్చింది, వెనక తొట్టి కట్టించుకున్నాడు. బానెట్ కింద ఒకదాని వెనక ఒకటిగా ఆరు సిలిండర్లు వరసగా ఉన్న పాత ఇంజన్. అన్ని సిలిండర్లుండి ఏం లాభం, దొర్నిపాడు వైపు చదును రోడ్ల మీద విగ్రహాన్ని వేసుకుని పోయి రావడానికి తప్ప పనికొచ్చేది కాదు. శ్రీశైలం ఘాటు ఎక్కమంటే నల్లటి పొగ కక్కి మొదటి మలుపుల్లోనే చతికిలబడేది. విగ్రహాలు అడిగేవాళ్ళేమో ఎక్కువమంది కొండ అవతలి ఊళ్ళవాళ్ళే.

"చెక్కేది వేరేవాళ్ళు చెక్కుతారు. బావ తోలుకపోయి గుడికాడ దించి రానీ. బండికి టర్బో పెడితే ఘాటు ఎక్కుతాది" అన్నాడు మా ఆయన.

టర్బో అంటే ఏమిటని అడిగాను. ఇంజన్లోంచి పొగ బయటికి పోయే దారిలో చిన్న చక్రం ఉంటుందట. పోయే పొగ దాన్ని తిప్పుతుందట. అదే ఇరుసుకు అవతలి కొసన ఇంకో చక్రం ఉంటుంది, అది బయటి గాలిని పట్టి ఇంజన్లోకి కుక్కుతుందట. ఎక్కువ గాలి, ఎక్కువ బలం. పోయే పొగ వచ్చే గాలిని తొయ్యడమేమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ అంతంత మాత్రమే. మా అన్న మాత్రం వెంటనే పట్టేసుకుని నవ్వాడు.

"బండికి ఊపిరి పెడ్తాండావు గదా బావా. నాకూ ఒకటి బిగీ."

ఆ మాటకు మేమెవరం నవ్వలేదు. వదిన లేచి లోపలికి వెళ్ళింది.

టర్బో మిడుతూరు దగ్గర దొరికింది. ఒక రైతు జనరేటరుకు బిగిద్దామని పాత విదేశీ కారు ఇంజన్ను తెచ్చుకుని, బిగించలేక పశువుల కొట్టం పక్కన వదిలేశాడు. అదీ వరసగా ఆరు సిలిండర్లదే. దానికి టర్బో, టర్బోను మోసే మేనిఫోల్డ్ రెండూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మేనిఫోల్డ్ అంటే ఆరు సిలిండర్ల పొగనూ ఒక్కచోటికి చేర్చే ఇనుప గొట్టాల గుత్తి. మా ఆయన దాన్ని ఊడదీసి ఇంటికి తెచ్చి నా కటింగ్ బల్ల మీద పెట్టాడు. పట్టు జాకెట్ గుడ్డకు మసి అంటిందని నేను పెట్టిన గోల ఇక్కడ రాయను.

ఆరుకు ఆరు ఉన్నాయి గదా, తీసి పెట్టెయ్యడమే గదా అనుకున్నాను. కాదట. ఆరూ ఆరే గానీ, ఈ ఇంజన్ రంధ్రాల మధ్య ఎడం వేరు, దాని రంధ్రాల మధ్య ఎడం వేరు. బోల్టులు పడే చోట్లూ వేరు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడం అంటే ఇదేనా అన్నాను. మా ఆయనకు ఆ రోజు ఓపిక ఎక్కడి నుంచి వచ్చిందో గానీ, నా పక్కన కూర్చుని చెప్పాడు.

"ఒకామె జాకెట్ చెయ్యి తీసి ఇంకొకామె జాకెట్‌కు కుట్టాల. చంక చుట్టు కలవదు. ఏం చేస్తావ్?"

"నడుమ ముక్క వేస్తా."

"ఇదీ అంతే. నడుమ ఇనుప ముక్క వెయ్యాల."

ఆ మాట అర్థమైంది. వేలు మందం ఇనుప ప్లేటు. దాంట్లో రెండు ఇంజన్ల బోల్టు బెజ్జాలూ ఉంటాయి. మా జీపు ఇంజన్ బెజ్జాల్లోంచి బోల్టులు దూర్చి ప్లేటును ఇంజన్‌కు బిగిస్తారు. ఆ బోల్టుల తలలు పైకి కనబడకుండా ప్లేటులోనే దిగిపోవాలి. మిడుతూరు మేనిఫోల్డ్ ఆ ప్లేటు మీద కూర్చుంటుంది, దాని బోల్టులు ప్లేటులోనే మర తిరిగి బిగుసుకుంటాయి. పొగ పోయే ఆరు కిటికీలను ఇటువైపు ఒక ఆకారంలో మొదలుపెట్టి, అటువైపుకు ఇంకో ఆకారంలోకి నున్నగా కలపాలి. మేనిఫోల్డ్‌నే కోసి అతకరాదా అంటే, అది పోత ఇనుము, వెల్డింగు పెడితే వేడికి పగిలిపోతుందన్నాడు.

"ఈ ప్లేటు బావ చేస్తాడు" అన్నాడు చివర్న.

నేను ఆశ్చర్యపోయాను. మా అన్న ఇనుము పని ఎన్నడూ చేసినవాడు కాదు. కానీ ఉలి పట్టే చేతికి ఇనుమును అరగదీసే ఆకురాయి పట్టడం ఎంతసేపు అన్నాడు మా ఆయన. ఇనుప రజను బరువు, కింద పడుతుంది, రాతి దుమ్ములా గాల్లో తేలదు అని కూడా అన్నాడు. నాకు బాగానే తోచింది.

ఇద్దరం ప్లేటు తీసుకుని ఆళ్ళగడ్డ పోయాం. మేనిఫోల్డ్ వైపు కొలతకు గాస్కెట్ దొరికింది, అంటే నడుమ వేసే పల్చటి రేకు. దాన్ని ప్లేటు మీద పరిచి గీస్తే సరిపోయింది. జీపు ఇంజన్ గాస్కెట్ మాత్రం ఊడదీస్తుంటేనే పొడిపొడి అయిపోయింది. మా ఆయన తల గోక్కుంటుంటే మా అన్న దీపం మసిని నూనెలో కలిపి ఇంజన్ ముఖానికి పూశాడు. దాని మీద కాగితం పరిచి అరచేత్తో ఒత్తాడు. తీస్తే రంధ్రాలూ బెజ్జాలూ అన్నీ నల్లగా అచ్చు పడ్డాయి. ఆ కాగితాన్ని అచ్చు పైకి కనబడేలా ప్లేటుకు గాస్కెట్ గీసిన వైపే అంటించాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో కళ చూశాను. మా ఆయన ప్లేటు వైపు చూసి, "కానీ బావా" అన్నాడు. పాత మేనిఫోల్డ్‌నే మళ్ళీ జీపుకు బిగించి మేం బస్సెక్కాం.

అక్కడి నుంచి మొదలైంది నాకు విసుగు. మా అన్న ఇంటి వరండాలో కూర్చుని డ్రిల్లుతో బెజ్జాలు వరసగా వేసి, నడుమ ఇనుమును తొలిచి, ఆకురాయితో అంచులు రాకడం, అంటే అరగదీయడం మొదలుపెట్టాడు. ఒక్కో కిటికీకి రోజులకు రోజులు పట్టేది. చింత గింజంత ఇనుము రాకి, వేలు పెట్టి తడిమి, మళ్ళీ రాకేవాడు. అది దేవుడి ముక్కా, పొగ గొట్టమా అని నేను విసుక్కునేదాన్ని. ఎండాకాలం పోయింది. వానలొచ్చాయి. కొండ అవతలి ఊరివాళ్ళు తాము చేయించుకున్న విగ్రహాన్ని వేరే లారీలో తీసుకుపోయారు.

"ఇంగా ఎన్ని దినాలప్పా?" అని మా ఆయన్ని అడిగేదాన్ని.

"చేస్తాండాడు లే" అనేవాడు.

అదీ నాకు అంతుపట్టని సంగతి. అన్నం రెండు నిమిషాలు ఆలస్యమైతే కంచం మోగించే మనిషి, ప్లేటు మాట వస్తే మాత్రం బర్రె మీద వాన కురిసినట్టు ఉండిపోయేవాడు. మా అన్నంటే లెక్కలేదా అని ఒకసారి, చేతకాక దాటేస్తున్నాడా అని ఒకసారి అనుకునేదాన్ని. వదినను అడిగితే, "ఏమో వదినా, షెడ్డు దిక్కు పోవడమే ల్యా" అనేది. ఆమె గొంతులో విసుగు లేకపోవడం కూడా నాకు వింతగానే ఉండేది.

ప్లేటు పూర్తయిన రోజు మేమిద్దరం వెళ్ళాం. మా అన్న దాన్ని గుడ్డలో చుట్టి దాచాడు. విప్పితే అద్దంలా ఉంది. నాకు ఇంజన్ల సంగతి తెలియకపోయినా పనితనం తెలుసు. ఆ కిటికీల అంచులు వేలితో తడిమితే ఎక్కడా గరుకు తగల్లేదు. మా ఆయన దాన్ని జీపు ఇంజన్‌కు ఆనించి బోల్టులు పెట్టాడు. మధ్యలో రెండు దిగాయి. మిగిలినవి ఒక్కటీ దిగలేదు. బెజ్జం ఇక్కడుంటే బోల్టు చోటు అక్కడుంది.

నేనే ఆగలేక, "తిప్పి పెట్టు" అన్నాను.

తిప్పి పెట్టాడు. అన్ని బోల్టులూ దిగాయి. నేను చప్పట్లు కొట్టబోయాను. అప్పుడు మా ఆయన మేనిఫోల్డ్ తెచ్చి ప్లేటుకు ఆనించాడు. దాని బెజ్జాలు ఒక్కటీ కలవలేదు. మామూలుగా పెడితే మేనిఫోల్డ్‌కు సరి, ఇంజన్‌కు తప్పు. తిప్పితే ఇంజన్‌కు సరి, మేనిఫోల్డ్‌కు తప్పు. నేను ప్లేటును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాను. ఎటు తిప్పినా ఒక వైపు సరిపోయేది, రెండో వైపు చెడేది. నాకు తల తిరిగింది.

మా అన్నకు ముందు తెలిసింది. నెమ్మదిగా జీపు మెట్టు మీద కూర్చున్నాడు.

"అచ్చు తిరగబడింది. మసి అంటిన పక్క కిందికి పెట్టి అంటియ్యాల్సింది. పైకి పెట్టినా."

విగ్రహం ముఖం గీసేటప్పుడు మావాళ్ళు సగం ముఖమే గీస్తారు. కాగితాన్ని నిలువునా మడిచి ఒత్తితే రెండో సగం అచ్చు పడుతుంది. ఒక కన్ను గీస్తే రెండో కన్ను కాగితమే ఇస్తుంది. అచ్చు పైకి పెట్టి అంటించడం మా అన్నకు చేతికి అలవాటైన పని. దేవుడి ముఖం ఎటు తిప్పినా ఒకటే గనక, ఇన్నేళ్ళలో అది తప్పయ్యే అవసరమే రాలేదు. ఇంజన్ ముఖానికి కుడి వేరు, ఎడమ వేరు.

"రాయీ పాయె, ఇనుమూ పాయె. ఇంగ నేను దేనికి పనికొస్తా?" అన్నాడు. అని దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా మేం నిలబడే ఉన్నాం. రేపు తెల్లారితే ఇతను షెడ్డుకు పోతాడు, ఇక ఆపడం ఎవరి తరమూ కాదు అనుకున్నాను. మా ఆయన వైపు కూడా భయంగానే చూశాను, ఏ మాట అంటాడోనని. పనిలో తప్పు చేసినవాణ్ణి ఆయన ఊరికే వదలడు.

"తప్పు నాదే బావా. అంటిచ్చినప్పుడు నేను చూసుకోవాల్సింది" అన్నాడు మా ఆయన. "ఇంకో ప్లేటు తెస్తా. చెయ్యి కుదిరింది గదా, ఈసారి బేగా అయితాది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో తప్పు నాదే అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. నాకు సంతోషం వెయ్యలేదు, అనుమానం వేసింది.

రెండో ప్లేటు ఆళ్ళగడ్డకు పోయింది. కొన్నాళ్ళకు నా మిషన్ ఇరుసు అరిగితే నంద్యాలలో ఇనుము కోసి మలిచే ఒక లేత్ షాపుకు తీసుకెళ్ళాను. మా ఆయనకు తెలిసిన షాపే. ఆ షాపతను ఇరుసు బిగిస్తూ, "మీ జీపు పని అయ్యిందా అక్కా?" అన్నాడు. కాలేదన్నాను.

"అయ్యో, మీ ఆయన వచ్చినప్పుడే చెప్తి గదా. ప్లేటు ఈడ ఇయ్యి, మిషన్ మీద కోసి, బెజ్జాలు యేసి తెల్లారేసరికి ఇస్తా అంటి. వద్దులే అని ఎలబారినాడు."

ఎప్పుడని అడిగాను. మొదటి ప్లేటు కొన్న రోజేనట.

ఇరుసు సంగతి మరచిపోయి ఇంటికొచ్చాను. ఒక్క పూటలో అయ్యే పనికి మా అన్నను నెలల తరబడి వరండాలో కూర్చోబెట్టాడు. రోగిష్టి మనిషి చేత ఇనుము రాకించాడు. లేత్ వాడికి ఇచ్చే దుడ్లు మిగుల్చుకోవడానికా? లేక బావకు బండి పని చేసిపెట్టడం ఇష్టం లేకా? ఏదైనా సరే, ఆ రోజు పక్కింటివాళ్ళకు టీవీ పనికిరాదని తేల్చుకున్నాను.

ఆయన వాకిట్లో చేతులు కడుక్కుంటున్నాడు. అడగవలసినవన్నీ అడిగేశాను. అడగకూడనివి కూడా. ఆయన సబ్బు నురగ పోయేదాకా కడుక్కున్నాడు. తువ్వాలు అందుకున్నాడు.

"లేత్‌లో ఇచ్చింటే తెల్లారేసరికి అయ్యేది. బండి ఇంకో పది దినాలకు అయ్యేది. అప్పుడు బావ ఏం చేసేవాడు?"

"ఘాటు ఎక్కేవాడు!"

"నెలకు ఒక బాడిగ. మిగతా దినాలు?"

నేను వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానుకున్నాను.

"ప్లేటు చేసినన్నాళ్ళు షెడ్డు మొగం చూసినాడా? మీ వదినను అడుగు."

అడగనక్కర్లేదు. ఆమె చెబుతూనే ఉంది. నేనే వినలేదు. కానీ నా నోరు ఊరుకోదు గదా.

"సరే, అదొకటి. మరి కాగితం తిరగబడిందని ముందే చూసుకొని ఉంటే ఆ మనిషి అంత బాధపడేవాడా? అన్ని నెలల కష్టం!"

ఆయన తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"అంటిచ్చిన దినమే చూసినా."

"ఏందీ?"

"చూసినా అంటాండా గదా. చెప్దామని నోటిదాకా వచ్చింది. చెప్తే ఒక ప్లేటుతో అయిపోతాది. చెప్పకుంటే రెండు ప్లేట్లు." తర్వాత మెల్లగా అన్నాడు, "అట్ల కూలబడతాడని అనుకోల్యా. ఆ దినం నుంచి నాకు అన్నం పోతల్యా."

నేను అక్కడే గడప మీద కూర్చున్నాను. ఈయన్ని తిట్టాలో, దండం పెట్టాలో నాకు తెలియలేదు. తప్పని తెలిసీ ఒక మనిషి చేత నెలల పాటు చేయించడం మోసం కాదా? మోసమే. ఆ మోసం వల్ల మా అన్న లోపలికి ఎంత దుమ్ము పోకుండా ఆగింది? అదెవరు చెప్పగలరు? ఆలోచించిన కొద్దీ నా బుర్ర ఆ ప్లేటులాగే అయింది. ఒక వైపు సరిపోతే రెండో వైపు చెడుతోంది.

ఆ వారం మా అన్నే ఫోన్ చేశాడు. చుట్టూ ఎవరున్నారని అడిగాడు. మా ఆయన పక్కనే అన్నం తింటున్నాడు. ఎవరూ లేరన్నాను.

"మే, మీ ఆయనకు చెప్పాకు. రెండో ప్లేటులో ఒక కిటికీ ఎక్కువ రాకినా, అంచు పల్చగా అయిపోయింది, పొగ బయటికొస్తాది, అతికితే నిలవదు, మళ్ళా మొదటికొచ్చింది కథ. ఇంకో ప్లేటు నువ్వే ఎట్లన్నా చేసి పంపీ."

ఇంత మాటా ఎక్కడా ఆగకుండా చెప్పాడు. ఇదివరకటిలా ఊపిరి కోసం నడుమ నిలబడలేదు, దగ్గలేదు. అది తనకు తెలిసినట్టు లేదు. అన్నాళ్ళూ ఆలస్యమైపోతోందని ఊరంతా వినేలా అరిచినదాన్ని, "తొందరేముందన్నా, నిదానంగా చెయ్యి" అని మాత్రం అనగలిగాను.

ఫోన్ పెట్టేశాను. మా ఆయన తల ఎత్తలేదు.

"ఎవరు?"

"మా అన్న. ఇంకో ప్లేటు కావాలంట. నీకు చెప్పొద్దన్నాడు."

"రేపు పంపిస్తా" అన్నాడు, అన్నం కలుపుతూ.

మజ్జిగ పోయడానికి గిన్నె తీసుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

"ఈసారి ఇంకొంచెం మందంది చూసి పంపీ" అన్నాను.